అదను, పదను

మంచిపనికి ఆలస్యమేల అని మనుష్యుడు తరచుగా అడుగును. తోటపని చేయువాడు దీనికి ఉత్తరమును నేల యొద్దనే నేర్చుకొనును.

హిమము కురియు దేశములలో శీతకాలమున భూమి గడ్డకట్టును. వసంతమున పైమన్ను కరగినను, అడుగుమన్ను ఇంకను గట్టిగానుండుటచేత నీరు క్రిందికి ఇంకదు. ఆ తడిలో త్రవ్వినయెడల మన్ను అణగి, వేళ్లకు గాలి నిచ్చు సందులు మూసికొనిపోవును. ఎండిన పిమ్మట పెళ్లలై బిగియును.

గుజరాతులో సూరతు నగరమునకు దక్షిణముననున్న ఉన్ ప్రాంతమున నేల గడ్డకట్టదు. అయినను అచ్చటి నల్లరేగడి ఈ పాఠమునే చెప్పుచున్నది. జూను మొదలు సెప్టెంబరు వరకు కురియు వానలకు ఆ మన్ను ఉబ్బి, బంకవలె పారకు అంటుకొనును. వాన వెలిసిన వెంటనే కూరమడికై త్రవ్వువాడు తన శ్రమచేతనే నేలను పాడుచేసికొనును. మిక్కిలి ఆలసించినచో అది నెఱ్ఱెలు విచ్చి రాయివలె నగును. ఈ రెంటి నడుమనున్న తగిన తడిని పదను అనియు, ఆ సమయమును అదను అనియు తెలుగు రైతు పిలుచును.

పిడికెడు మన్ను తీసి నొక్కి చూడవలెను. వ్రేలు తాకగానే ముద్ద విడి రాలినచో అదనైనది. చేతికి అంటుకొనినచో ఆగవలెను. ఆగుట సోమరితనము కాదు. ఆలోగా నిలిచిన నీటికి కాలువ తీయవచ్చును, మాగిన పశువుల ఎరువు సిద్ధపరచవచ్చును.

తెలంగాణ నుండి సూరతుకు వలసపోయిన నేతకుటుంబములు అనేకము. అట్టి యింట ఒక కుమారుడు మరమగ్గపు పని పోగొట్టుకొని రాత్రివేళ ఇల్లు చేరెననుకొనుడు. తండ్రి గడపలోనే అతని దుబారాను ఎత్తిచూపెను. పలికినది సత్యమే, గాని అది తడినేలపై పడిన పార. సత్యము చెప్పితిని గదా అని తృప్తినొందువాడు తన భారము దింపుకొనెనే గాని కుమారుని భారము మోయలేదు. ఆ రాత్రి అన్నము వడ్డించి ప్రక్కన కూర్చుండుటయు నేలను సిద్ధపరచుటయే. అయితే ఎన్నడును నోరు విప్పని తండ్రియు నిర్దోషి కాడు. అదను దాటిన హృదయము బండబారును.

దున్నువాడు నిత్యము దున్నుచునే యుండడనియు, అతనికి ఆ క్రమమును నేర్పినవాడు దేవుడే యనియు యెషయా గ్రంథము 28వ అధ్యాయము తెలుపుచున్నది. గట్టుమీద నిలిచి చూచువానికి పదను తెలియదు. వంగి, మన్ను చేత పట్టినవానికే అది తెలియును.