గుడ్లు పెట్టని నెలలు



డిసెంబరు నెల వచ్చిందంటే భివండిలో మన ఇండ్లలో రెండు సంగతులు ఒక్కసారే జరుగుతాయి. క్రిస్మసుకు కేకులు చేయాలి, చుట్టాలు వస్తారు, గుడ్లు కావాలి. సరిగ్గా ఆ నెలలోనే పెరటి కోళ్లు గుడ్లు తగ్గిస్తాయి. బజారులో కూడా చలికాలములోనే గుడ్డు ధర ఎక్కుతుంది. పద్మానగర్‌లోనూ కామత్‌ఘర్‌లోనూ ఇంటి వెనుక కొంచెము జాగా ఉన్నవారు నాలుగైదు పెట్టలను పెంచుకుంటారు గదా. ఈ రోజులలో ఆ ఇండ్లలో వినబడే మాట ఒక్కటే: "తిండి మాత్రము తింటున్నది, గుడ్డు మాత్రము లేదు."

ఈ మాట న్యాయమైనదేనా అని మేము చాలా కాలముగా ఆలోచిస్తున్నాము. ముందు కోడి సంగతి సరిగా తెలిసికొంటేగాని తక్కినది తేలదు.

చలికి ముడుచుకొని కోడి గుడ్డు మానుతుందని పెద్దలు అనేవారు. మేమూ అలాగే నమ్మాము. గాని భివండిలో చలి ఎంత? తెల్లవారుజామున ఒక దుప్పటి చాలు. అసలు కారణము చలికంటె వెలుతురు. జూన్ నెలలో ఇక్కడ పగలు 13 గంటలు దాటి ఉంటుంది, డిసెంబరు చివర 11 గంటలే. కోడి బాగా పెట్టాలంటే దాదాపు 14 గంటల వెలుతురు కావాలి. ఆ వెలుతురును అది కంటితో మాత్రమే గ్రహించదు. పుర్రె గుండా మెదడు లోపలికి చేరిన వెలుతురు కూడా దానికి రోజు పొడుగు ఎంతో తెలుపుతుంది. 1930లలో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జాక్ బెనువా బాతులను పరీక్షించి ఈ సంగతి చూపాడు. అంటే గుడ్డు పెట్టాలా మానాలా అనేది కోడి ఇష్టము కాదు. పిల్లలకు మేత దొరకని కాలములో పొదుగు పెట్టుకోకుండా సృష్టికర్త దాని తలలోనే ఒక గడియారమును ఉంచాడు.

ఇంకొక సంగతి. ఈ కాలములోనే కోడి పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుకొంటుంది. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే. తిన్న గింజలోని బలమంతా ఈకలకు పోతుంటే గుడ్డుకు మిగిలేదేమి? కాబట్టి అది ఊరికే తింటున్నదన్న మాట అబద్ధము. అది పని చేస్తూనే ఉన్నది. మనము లెక్కపెట్టే పని కాదు, అంతే.

మా వీధి చివర ఒక ఇంటివారి కోళ్ల గూడు మరమగ్గాల కార్ఖానా కిటికీ క్రింద ఉన్నది. రాత్రంతా ట్యూబులైటు వెలుతురు ఆ గూటి మీద పడుతుంది. ఆ కోళ్లు డిసెంబరులో కూడా పెడతాయి. "మా కోళ్లు కూడా రాత్‌పాళీ చేస్తున్నాయండీ" అని ఆ ఇల్లాలు నవ్వుతుంది. మేమూ నవ్వాము. తరువాత ఆ మాట మమ్మును వదలలేదు. మన ఊరిలో పన్నెండు గంటల పాళీ చేసి, తెల్లవారి కళ్లు మండుతూ ఇంటికి వచ్చే సహోదరులను చూచినప్పుడెల్ల ఆ కిటికీ గుర్తుకు వస్తుంది.

బల్బు వెలిగించడము పాపమని మేము అనడము లేదు. పెద్ద ఫారములలో రోజుకు 16 గంటల వెలుతురు ఇస్తారు, ఒక్కొక్క కోడి సంవత్సరమునకు 300 గుడ్లు దాటి పెడుతుంది. 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను ఆరంభించిన బి.వి. రావుగారు మన తెలుగువారే. అటువంటివారి వలన బీదవాని బిడ్డకు కూడా గుడ్డు అందింది, దానిని చిన్నచూపు చూడకూడదు. అయితే ఆ దారిలోనే, గుడ్లు తగ్గిన కోళ్లకు కొన్ని దినములు మేత ఆపివేసి, ఒక్కసారిగా ఈకలు రాలిపోయేటట్లు చేసి, మళ్లీ గుడ్లకు తిప్పే పద్ధతి కూడా వచ్చింది. అది 1960 నాటి జంతుహింస నివారణ చట్టమునకు విరుద్ధమని భారత జంతు సంక్షేమ మండలి 2011లో చెప్పవలసి వచ్చింది. విశ్రాంతి కాలమును కూడా మన లెక్కకు సరిపడేటట్లు మడత పెట్టాలనుకొంటే మనిషి అంత దూరము పోతాడు.

ఇక మా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏండ్ల క్రిందట ఒక డిసెంబరులో మా మూడు పెట్టలు నెల దినములు ఒక్క గుడ్డు పెట్టలేదు. ఈకలు ఊడి చూపుకు అసహ్యముగా ఉన్నాయి. మేము లెక్క వేశాము: నూకలకు ఇంత, తవుడుకు ఇంత, వచ్చినది సున్న. మూడింటినీ అగ్గువకు అమ్మివేశాము. కొన్న ఆమె మా సంఘపు సహోదరియే. మార్చి నెలలో ఒక ఆదివారము ఆమె కొంగులో నాలుగు గుడ్లు కట్టుకొని వచ్చి, "సారూ, ఇవి మీ కోళ్ల గుడ్లే" అని ఇచ్చింది. ఆమె దెప్పలేదు, ప్రేమతోనే తెచ్చింది. అందుకే మాకు ఎక్కువ సిగ్గయింది.

అదే చలికాలములో మేము చేసిన రెండవ పని కోళ్లతో పోయేది కాదు. సంఘపు నెల చందా బాకీపడినవారి జాబితాను పెద్దలము తయారుచేసి ఆరాధన చివర చదివించాము. అందులో ఒక వృద్ధ సహోదరుని పేరున్నది. నల్లగొండ వైపు నుండి చిన్ననాడే వచ్చి సాంచెల మీద జీవితమంతా పని చేసినవాడు. ఆరు నెలల బాకీ. ఆయన వెనుక వరుసలో తల వంచుకొని కూర్చున్నాడు. మరుసటి ఆదివారము రాలేదు. తరువాత తెలిసింది, దీపావళికి మూసిన ఆయన కార్ఖానా మందీ వలన మళ్లీ తెరవలేదట. ఉన్న కొద్దిపాటి రూకలు భార్య మందులకు పోతున్నాయట. మేము విచారించి వెళ్లేసరికి వారు ఊరికి వెళ్లిపోయారు. ప్రతి శనివారము సాయంకాలము మందిరము ఊడ్చి చాపలు పరచినది ఆయనే అని, ఆయన వెళ్లిన తరువాత చాపలు పరచువారు లేక మాకు తెలిసింది. చందా పుస్తకములో చాపలకు గడి లేదు.

మన తెలుగు బాప్తిస్టులు ఇతరులకంటె బాగా ఎరుగవలసిన సంగతి ఇది. డే దొరగారు 1836లో తెలుగు దేశమునకు వచ్చారు, 1840లో నెల్లూరు చేరారు. 1853 నాటికి చేతికి వచ్చిన ఫలము వేళ్ల మీద లెక్కపెట్టవచ్చును. ఖర్చు దండుగ, మిషనును మూసివేద్దామా అని అమెరికాలో సభ పెట్టి ఆలోచించారు. దానికి ఒంటరి నక్షత్రమని పేరు వచ్చినది అప్పుడే. మూయకుండా ఆగారు. 1854 జనవరి 1న జ్యువెట్ దొరగారు ఒంగోలు కొండ మీద ప్రార్థించారు. 1878 జూలై 3న, కరవు గడచిన తరువాత, క్లౌ దొరగారి కాలములో గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సభవారు మేము కోళ్లకు వేసిన లెక్కనే వేసి ఉంటే మనలో ఎందరము ఈ పత్రిక చదువుతుందుము?

ఇలా చెప్పడము సులువే. తరువాత ఫలించినది గనుక ఆగడము మంచిదయిందని అంటున్నాము. అదీ లెక్కే గదా, కొంచెము పొడుగు లెక్క. మార్చిలో మళ్లీ పెట్టే కోడిని డిసెంబరులో మేపడము తెలివి. మరి నాలుగేండ్ల కోడి, ఇక ఎన్నడూ అంతగా పెట్టనిది? అక్కడే అసలు ప్రశ్న. మనము కోడి కూర తినేవారమే, తినడము తప్పని మేము వ్రాయలేము. గూటిలోని పిల్లలను తీసికొన్నా తల్లిపక్షిని విడిచిపెట్టమని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ ఉన్నది. మనిషి చేతికి ఒక హద్దు ఉన్నదని మాత్రము దాని వలన తెలుస్తుంది. మనుష్యుల విషయములో అయితే మాకు సందేహము లేదు. లూకా 13వ అధ్యాయములోని తోటమాలి, మూడేండ్లు కాయని అంజూరపు చెట్టుకు ఇంకొక ఏడు గడువు అడిగి, చుట్టూ త్రవ్వి ఎరువు వేసే పని తన నెత్తిన వేసికొన్నాడు. ఆ చెట్టు మరుసటి ఏడు కాసిందో లేదో ప్రభువు చెప్పలేదు. కాసిందని మనమే అనుకొని ఇన్నాళ్లు ప్రసంగాలు చేశాము.

ఇప్పుడు మా గూటిలో నాలుగు పెట్టలున్నాయి. రెండు ఈకలు రాల్చుచున్నాయి, ఒకటి ముసలిది. బల్బు పెట్టలేదు. నూకలలో కొంచెము వేరుశనగ పిండి కలిపి వేస్తున్నాము, కొత్త ఈకలకు మంచిది. క్రిస్మసుకు గుడ్లు బజారులో కొన్నాము.

పోయిన ఆదివారము కోశాధికారిగారు బాకీ జాబితా మా చేతికి ఇచ్చారు. ఏడు పేర్లున్నాయి. చదివించలేదు. పెద్దలము ఇద్దరిద్దరముగా ఆ ఇండ్లకు వెళ్తున్నాము. ఇప్పటికి మూడు ఇండ్లు అయినవి. ఒక ఇంటిలో సహోదరి కండెలు చుడుతూ, చందా అడగడానికి వచ్చామనుకొని లేచి నిలబడింది. కూర్చోమ్మా, మీ ఇంటాయనకు పని ఎలా ఉన్నదో కనుక్కొందామని వచ్చాము, అన్నాము. నమ్మడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.