అతిభారారోపణము



శ్రావకుని మొదటి అణువ్రతము అహింస యని మన పిల్లలు కూడ చెప్పగలరు. ఆ వ్రతమునకు అతిచారము లెన్ని యని అడిగితే మాత్రము పెద్దలే తడుముకొందురు. అవి అయిదు. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో వాటిని వరుసగా పేర్కొన్నారు. ప్రాణిని కట్టివేయుట, కొట్టుట, అవయవమును ఛేదించుట, మోయగలిగినదానికి మించిన భారము మోపుట, అన్నపానములు అందకుండ నిలుపుట. మొదటి మూడింటి జోలికి మనలో ఎవరును పోరు. నాలుగవదియు అయిదవదియు మన అంగళ్లలో, ఇండ్లలో, చివరకు మందిర ద్వారము వద్ద కూడ జరుగుచున్నవా లేదా యని విచారించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతో అంగడిలో కూర్చున్నవాడను. ముని మహారాజుల వ్యాఖ్యానములలో విన్నంతవరకు, ఈ ఊరిలో కండ్లతో చూచినంతవరకు చెప్పుదును.

అతిభారమనగానే మనకు బండి యెద్దు జ్ఞాపకమునకు వచ్చును. కోలారు మండీకి ఇప్పుడు టొమాటోలు లారీలలో వచ్చుచున్నవి, ఎడ్లు ఎక్కడ, కనుక ఈ అతిచారము మనకు అంటదని ఒక పెద్దమనిషి నాతో వాదించెను. భారమునకు మూట యొక్కటే రూపమా? గంటలు కూడ భారమే. యాభై యేండ్లు దాటిన ఒంటి మీద గంటలకంటె బరువైన మూట నేను చూడలేదు.

మన బంగారు గనుల సంగతియే తీసికొందము. 1880లో జాన్ టైలర్ కంపెనీ వారు ఇచ్చట పని చేపట్టిరి. 1902లో శివనసముద్రము నుండి విద్యుత్తు వచ్చెను. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగెను. 1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్ర ప్రభుత్వము గనులను తీసికొన్నవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడినది. 2001లో అంతయు మూతపడినది. ఆ లోతులోని వేడి, రాతి ధూళి, ఉన్నట్లుండి బండలు పగిలి మీద పడుట, వీటిని తక్కువ చేసి చెప్పుట నా ఉద్దేశము కాదు. అయినను ఒక్క మాట గమనింపుడు. 1952 నాటి గనుల చట్టము భూమి లోపల పనిచేయువానికి దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు పెట్టినది. అదే మనిషి గని పోయి పైకి వచ్చి, నలుబదియైదవ యేట బెంగుళూరులో ఒక పెద్ద కట్టడము గేటు వద్ద సెక్యూరిటీ చొక్కా తొడుగుకొనగానే అతని షిఫ్టు 12 గంటలైనది. పాతాళములో ఎనిమిది, భూలోకములో పన్నెండు!

మారికుప్పము నుండి బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లు. తెల్లవారక మునుపే బండి పట్టవలెను. ఛాంపియన్, ఊరిగాం, కోరమాండల్, బెమెల్ నగర్ దాటి బంగారుపేట చేరుసరికి నిలువ చోటుండదు. పోవుటకు రెండు గంటలు, వచ్చుటకు రెండు గంటలు, నడుమ పన్నెండు, వెరసి 16. స్టేషనుకు నడక, బండి ఆలస్యము, అక్కడ సిటీ బస్సు కలిపి మరియొక గంటయైనను పడును. మిగిలినవి 7. ఆ యేడింటిలోనే స్నానము, భోజనము, ఇంటివారితో ఒక మాట, నిద్ర. మనము జమాఖర్చులు వ్రాయువారము గదా, ఈ ఖాతాలో నిద్ర పద్దున ఎంత నిలువ తేలునో వ్రాసి చూడుడు.

2001లో ముప్పది యేండ్లవాడు నేడు యాభై దాటినవాడు. గని దుమ్ము పీల్చి సిలికోసిస్ తెచ్చుకొన్నవారు నాలుగు మెట్లెక్కినచో ఆయాసపడుదురు. గనివారే కాదు. జీతముల రోజు ఇచ్చటి అంగళ్లకు వచ్చు సందడి గనితోనే పోయినది. రాబర్ట్‌సన్‌పేటలో, ఆండర్సన్‌పేటలో చిన్న అంగళ్లు మూసివేసి, చిక్కపేటలో పరుల దుకాణములలో లెక్కలు వ్రాయ చేరినవారు మన సాధర్మికులలో కూడ ఉన్నారు. నిన్నటివరకు తన గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు ఇంకొకరి కౌంటరు వెనుక రాత్రి తొమ్మిది దాక నిలువవలెను. కాళ్ల నొప్పి ఒక వంతు, మనసు నొప్పి మూడు వంతులు.

అట్టివారితో ముందుగా కొన్ని మాటలు చెప్పవలసియున్నది.

మన కోలారునకు పూర్వము కువలాలపురమని పేరు, గంగరాజులకు తొలి రాజధాని. ఆ వంశపు రాజులకు మంత్రియైన చావుండరాయడే సుమారు 981లో శ్రవణబెళగొళలో బాహుబలి స్వామిని నిలిపించెను. నిలుచుట యనగానే మనకు గుర్తు వచ్చువాడు ఆయనయే. ఏడాది పాటు కదలక నిలిచెను. తీగలు ప్రాకినవి, కాళ్ల వద్ద పుట్టలు లేచినవి. అయినను కేవలజ్ఞానము కలుగలేదు. అప్పుడు చెల్లెండ్రు బ్రాహ్మి, సుందరి వచ్చి, అన్నా, ఏనుగు దిగుమని చెప్పిరని శ్వేతాంబర కథలలో కలదు. అడవిలో ఒంటరిగా నిలిచినవానికి ఏనుగెక్కడిది? తనకంటె ముందు దీక్ష గైకొన్న తమ్ములకు మ్రొక్కవలసి వచ్చునేమో యను అభిమానమే ఆ యేనుగు. దిగుటకు అడుగెత్తగానే జ్ఞానము కలిగెను.

నిన్న పదిమందిపై మేస్త్రీగా నుండినవాడు, నిన్న యజమానియైనవాడు, నేడు ఇరువదియైదేండ్ల సూపర్‌వైజరు మాట వినవలసి వచ్చినప్పుడు ఆ యేనుగు అతని క్రింద కదలుచుండును. పని కొత్తదైనందున కలుగు బాధకంటె, పాత పేరు పోయినదను బాధయే రాత్రి నిద్రను తినివేయును. దానిని దిగినవానికి పన్నెండు గంటలలో కొన్ని గంటలు తేలికపడుటను నేను ఎరుగుదును. గుజరాతు నేలిన కుమారపాలుడు సుమారు 1143లో సింహాసన మెక్కునాటికి యాభై యేండ్లవాడని పరంపర చెప్పుచున్నది. అంతకు మునుపు ఏండ్ల తరబడి ప్రాణభయముతో తిరిగినవాడు. ఆ వయసున హేమచంద్రాచార్యుల ముందు శిష్యుడై కూర్చుండెను. యాభయ్యవ యేట రాజ్యము దొరకుట వేరు, వాచ్‌మన్ పని దొరకుట వేరు అని మీరనవచ్చును. నిజమే. నేర్చుకొనుటకు తల వంచుట మాత్రము ఇద్దరికి నొకటే.

పరీషహములు 22 అని చదివియున్నాము. ఆకలి, దప్పి, చలి, ఎండ, దోమకాటు, నడక, కూర్చుండుట, పడక, తిట్లు, దొరకవలసినది దొరకకపోవుట, రోగము. గేటు వద్ద రాత్రి కాపలా కాయువాని గూర్చి వ్రాసినట్లే యున్నది. దీక్ష పుచ్చుకొనకయే అతడు సగము జాబితాను ప్రతిరాత్రి అనుభవించుచున్నాడు. అయితే శాస్త్రము నిర్జరను రెండు విధములుగా చెప్పినది. వేరు దారి లేక, మనసులో కుములుచు అనుభవించునది అకామ నిర్జర. తెలిసి, సమభావముతో అనుభవించునది సకామ నిర్జర. గంటలు అవియే, దోమలు అవియే, ఫలము వేరు.

సామాయికమునకు కావలసినది 48 నిమిషములు. రెండు గంటల రైలు ప్రయాణములో చోటు దొరకిన దినమున అది సాగును. నియమమంతయు ఇంటిలో వలె కుదరదు, కన్ను మూసి నవకారము జపించుట కుదరును. ఫోనులో ఆటలాడుటకంటె అది మేలని వేరుగా చెప్పనేల. ఆ సమయమున నిద్ర వచ్చినచో నిద్రింపుడు, అదియు అవసరమే. ఇంటివారు కూడ ఒకటి గ్రహింపవలెను. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకొనునప్పుడు గదిలో వెలుతురు రానీయక, టీవీ చప్పుడు తగ్గించి, కూరగాయల సంచి ఇచ్చి అంగడికి పంపక, అతని పగటిని రాత్రిగా చూడవలెను. వయసు మీరినకొలది నిద్ర పలుచబడును. పోయిన నిద్ర ఆదివారమున తిరిగి చేరదు.

ఇక భోజనము. మన పెద్దలు రాత్రి భోజనము వద్దనుటకు కారణము జీవరక్ష, ఒంటి లాభము కాదు. అయినను శరీరములో ఒక గడియారము కలదనియు, అది వెలుగు చీకట్లను బట్టి నడచుననియు ఇప్పుడు వైద్యులు చెప్పుచున్నారు. ఆ గడియారము పనిచేయు తీరును కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము వచ్చినది. నడిరాత్రి కడుపు నిండ తిన్న అన్నమును శరీరము పగటి అన్నము వలె జీర్ణించుకొనలేదు. కాబట్టి రాత్రి షిఫ్టువాడు ప్రొద్దు క్రుంకక మునుపే ప్రధాన భోజనము ముగించుట వ్రతమునకును ఒంటికిని మంచిది. రాత్రి తొమ్మిది దాక కౌంటరు వెనుక నిలువవలసిన మన సాధర్మికుడు చౌవిహారము పాటింపవలెనన్న సాయంకాలము అయిదున్నరకు డబ్బా విప్పవలెను. దానికి పదునైదు నిమిషములు చాలును. ఆ పదునైదు నిమిషములు ఇయ్యని యజమాని కూడ జైనుడే యైయుండుట వింతలలో వింత. అన్నపాన నిరోధమను అయిదవ అతిచారమునకు ఉదాహరణ వెదకుటకు దూరము పోనక్కరలేదు.

ఇచ్చట ఒక ప్రమాదము కలదు. సహనమును గూర్చి చెప్పిన మాటలను యజమానులు చాల ఇష్టముగా విందురు. పరీషహములను సహించుట గొప్ప గదా, మా వాచ్‌మన్ ఎంత ఓర్పు గలవాడు, అని మెచ్చుకొని లోపలికి పోవుదురు. పరీషహములు తాను తన యిష్టముతో ఓర్చుకొనుటకు చెప్పబడినవి, ఇంకొకనిచేత ఓర్పించుటకు కాదు. ముని తానుపవసించును, ఎదుటివాని కంచము లాగుకొనడు. సమభావము అతని ధర్మము, అతిభారము మోపకుండుట మన వ్రతము. అతని ధర్మమును చూపి మన వ్రతమును ఎగవేయుట ఏ శాస్త్రములోను లేదు.

చట్టము మాట కూడ చెప్పవలెను. అంగళ్ల విషయమై మన రాష్ట్రములో 1961లో చేసిన చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు పెట్టినది. 2023లో కర్ణాటకములో ఫ్యాక్టరీలకు దినమున 12 గంటల వరకు అనుమతించు సవరణ వచ్చినది. అయితే వారమునకు 48 గంటల హద్దును అది తీయలేదు, పనివాని వ్రాతపూర్వక సమ్మతియు కావలెననినది. అనగా పన్నెండేసి గంటలు నాలుగు దినములు. మనవారు మొదటి సగమును మాత్రము చదివి, రెండవ సగమును మడిచి లోపల పెట్టినారు. వారమున సెలవు లేక దినమునకు 12 గంటలు కాపలా కాయువాని లెక్క 84.

ముగ్గురు మనుషులను పెట్టుటకు జీతమెక్కడిది యని అడుగుదురు. ఆ ప్రశ్నను నేను తోసివేయను. ఈ ఊరి బేరములో ముగ్గురి జీతము భరింపలేని అంగళ్లు అనేకము. కాని డబ్బు లేకయే చేయదగినవి లేవా? గేటు వద్ద ఒక కుర్చీ. అర్ధరాత్రి తరువాత కొంతసేపు కూర్చుండుటకు అనుమతి. పగటి షిఫ్టువానిని వారమంతయు కొనసాగింపక, రాత్రి పగళ్లను మార్చునప్పుడు నడుమ ఒక పూర్తి దినము విశ్రాంతి. యాభై దాటినవానికి, దగ్గువానికి పగటి పని. వారమున కొక సెలవు, జీతము కోయక. ఎనిమిదింటికి తలుపు మూయగల అంగడిని తొమ్మిదిన్నర దాక తెరచియుంచి ఆ కడపటి గంటన్నరలో ఎన్ని బేరములు జరిగినవో చిట్టా తీసి చూడుడు. దీపాల ఖర్చునకైనను గిట్టునో లేదో.

డబ్బు గలవారి మాట వేరు. అపార్టుమెంటు సంఘములు, పెద్ద దుకాణములు, మన సంఘపు భవనములు ఆ సాకు చెప్పరాదు. పర్యుషణములో సాధర్మిక వాత్సల్యమని వందలమందికి వడ్డించుదుము. ఆ పందిరి వాకిట చెప్పుల గుట్టకు కాపలాగా ఉదయము ఆరింటికి నిలిచినవాడు సాయంకాలము ఆరింటికి కూడ అక్కడనే యుండును. పంక్తి ముగిసి పాత్రలు కడుగునప్పటికి ప్రొద్దు క్రుంకును. అతడు జైనుడు కాకపోవచ్చును, రాత్రి తిన్నను అతనికి దోషము లేకపోవచ్చును. మన అతిచారము అతని మతమును బట్టి మారదు.

ఈ సంవత్సరము మన సంఘపు సర్వసభ్య సమావేశములో లెక్కలు చదువునప్పుడు మందిరపు కాపలా పద్దు క్రింద ఇద్దరి జీతము వచ్చును. దానిని ముగ్గురికి చేయుటకు ఎంత తక్కువపడునో నేను కాగితముపై వేసి తెచ్చుచున్నాను. రాబోవు పర్యుషణమున వడ్డన ఖర్చులో ఒక మిఠాయి తగ్గించినచో అందులో ఎంత పూడునో ఆ లెక్క కూడ దానితోనే యున్నది. పెద్దలు దయచేసి ఆ పద్దు వచ్చువరకు లేచి పోవలదు.