రక్తం చెప్పేది, చెప్పనిది

"అది వాళ్ల రక్తంలోనే ఉంది" అనే మాట మనం తరచూ వింటాం. మెచ్చుకోవడానికీ అంటారు, తిట్టడానికీ అంటారు. ఇంతకీ రక్తంలో నిజంగా ఏముంటుంది? ఇది సైన్సు ప్రశ్న మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా.

తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం మనకు డీఎన్‌ఏ వస్తుంది. అది నాలుగే అక్షరాలతో రాసిన చాలా పెద్ద పాఠం. ఒక్కో సగంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఆ పాఠం ప్రకారమే కణాలు ప్రోటీన్లను తయారు చేస్తాయి. హిమోగ్లోబిన్ తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, ఆక్సిజన్ తగ్గినప్పుడు గుండ్రని ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని విపరీతమైన నొప్పి పుట్టిస్తుంది. ఇదే సికిల్ సెల్ జబ్బు.

మారిన జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే ఈ జబ్బు వస్తుంది. ఒక్కరి నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి వారికి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉన్న ఆఫ్రికాలోనూ, మన అడవి ప్రాంతాల్లోనూ ఈ మార్పు తరతరాలుగా నిలిచింది అందుకే. ఇది పాపమూ కాదు, శాపమూ కాదు.

మన దేశంలో ఈ మార్పును మొదట నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. అది 1952. అదే ఏడాది నేరస్థ జాతుల చట్టం రద్దయింది. 1871లో తెచ్చిన ఆ చట్టం కొన్ని జాతులకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసింది. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. దొంగతనానికి జన్యువు ఉందని ఎవరూ చూపలేదు. అయినా రక్తం పేరుతోనే తీర్పు చెప్పారు.

2023లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డు పాత ముద్రలా మారకూడదు. అలాగని దాచిపెట్టడం కూడా సరికాదు. ఇద్దరు వాహకులు పెళ్లాడితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. నొప్పి పడేది ఆ బిడ్డ. అందుకే పెళ్లాడబోయే వారికి నిజం తెలియాలి.

"చెబితే పిల్లకు సంబంధం రాదు" అని పెద్దలు భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు. కానీ మారిన జన్యువు లేని వ్యక్తిని వాహకురాలు పెళ్లాడితే పిల్లలకు ఈ జబ్బు రాదు. కాబట్టి ఆడపిల్లను మాత్రమే పరీక్షించడం అన్యాయం, అబ్బాయి కార్డు కూడా చూడాలి. ఎవరి కార్డు సంగతి వారే చెప్పుకోవాలి. ఉపాధ్యాయులు దాన్ని తరగతిలో చదివి వినిపించకూడదు.

కణం ఆకారాన్ని జన్యువు నిర్ణయిస్తుంది. ఆ జబ్బున్న పిల్లవాడికి మాటిమాటికీ నీళ్లు తాగే వీలు, ఎండలో నిలబడకుండా మినహాయింపు, నొప్పి వచ్చిన రోజు సెలవు ఇవ్వాలా వద్దా అన్నది జన్యువు నిర్ణయించదు. అది మన చేతిలో ఉంది.