వినకముందే ఇచ్చు మాట
(ధ్యాన భాగము: 1 సమూయేలు 3:1–18)



పాఠశాలలలో బిడ్డల మనోవేదన విని దారి చూపుటకు ప్రత్యేకముగా మనుష్యులుండవలెనను మాట మన దేశమునకు క్రొత్తది కాదు. 1952-53లో మొదలియార్ కమీషను ఆ అవసరమును చెప్పినది, 1964-66 నాటి కొఠారీ కమీషను మరల చెప్పినది. చెప్పిన మాట చాలకాలము కాగితములలోనే నిద్రించినది. విశాఖపట్టణములో నీట్ పరీక్షకు చదువుచు మరణించిన ఒక విద్యార్థిని విషయమైన వ్యాజ్యములో సుప్రీం కోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు, నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను శిక్షణ పొందిన కౌన్సిలరో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తయో ఒకరైనను ఉండవలెనని ఆదేశించినది. అట్లయిన అట్టివారిని తయారుచేయు గురువులును కావలెను గదా!

విశ్వవిద్యాలయములో ఈ పనికి నూతనముగా చేరిన ఒక అధ్యాపకురాలిని ఊహించుకొందము. ఆమె శిష్యులు రేపు మన ఆదోనికో ఎమ్మిగనూరుకో వచ్చెదరు. వారికి ఆమె మొదట ఏమి నేర్పవలెను?

పుస్తకములలో నున్నది నేర్పవచ్చును. 1908లో బోస్టన్ నగరమున ఫ్రాంక్ పార్సన్స్ యువకులకు తగిన వృత్తి చూపు కార్యాలయమును తెరచెను. కార్ల్ రోజర్స్ కొంతకాలము దైవశాస్త్రము చదివి, విడిచి, మనస్తత్వశాస్త్రమునకు వచ్చి, సలహా చెప్పుటకంటె ఓర్పుతో వినుటయే మేలని 1942 నాటి గ్రంథములో వాదించెను. ఇవి తెలిసికొనదగినవే. అయితే మన పడమటి ప్రాంతపు బిడ్డ పుస్తకములోని బిడ్డవలె మాటలాడదు. కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు వైపు కుటుంబములు మిరపకోతలకు గుంటూరు ప్రాంతమునకు పోవుదురు. సుగ్గికి పోవుట యని మనవారందురు. కొందరు బిడ్డలు తలిదండ్రుల వెంట పోయి చదువు పోగొట్టుకొందురు, కొందరు అవ్వ యొద్ద మిగులుదురు. అట్లు మిగిలిన బిడ్డను “ఏమమ్మా, దిగులుగా ఉన్నావు?” అని అడిగిన “కడుపు నొస్తాంది మేడం” అనును. సరిహద్దు ఊళ్లలో ఆ మాట కన్నడములో రావచ్చును, ఆదోని వీధులలో ఉర్దూలో రావచ్చును. మాత్ర యిచ్చి పంపువారు పంపుదురు. (మాత్రతో పోవు కడుపునొప్పియు ఉండును, అది వేరు.)

వృద్ధుడైన ఏలీ యొద్దకు బాలుడైన సమూయేలు రాత్రివేళ పరుగెత్తి వచ్చెను. ఏలీ, నేను పిలువలేదు, పోయి పండుకొనుమనెను. రెండవసారియు అట్లే పంపెను. మూడవసారి గాని అతనికి సంగతి తట్టలేదు. మేము ఏలీని తప్పుపట్టము. అర్ధరాత్రి మూడవసారి లేపినను కసరుకొనక ఆలోచించిన పెద్దలు మనలో ఎందరు?

ఇక అసలు ప్రశ్నకు వత్తము. పదవ తరగతి చదువు ఒక పిల్ల కౌన్సిలరు గదిలోనికి వచ్చి, తలుపు వైపు చూచి, “ఒక మాట చెప్తా మేడం, ఎవురికీ చెప్పనని ఒట్టేయండి” అనును. ఒట్టు వేయవచ్చునా? వేయనిచో పిల్ల వెనుకకు తిరిగిపోవచ్చును. వేసిన పిమ్మట, ఎవడో తనపై చేయి వేసెనని ఆమె చెప్పినచో? అట్టి నేరము తెలిసినవారు అధికారులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము విధించుచున్నది. పెండ్లి కుదిర్చినారని చెప్పినచో? పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుటను 2006 నాటి చట్టము నిషేధించుచున్నది.

వినకముందు ఇచ్చిన మాట ఎంత దూరము ఈడ్చుకొనిపోవునో యెఫ్తా కుమార్తె కథ చెప్పును. హేరోదు విందులో పలికిన ఒట్టు యోహాను తలను పళ్లెములోనికి తెచ్చినది. పిల్ల మేలు కొరకు అప్పటికి ఒట్టు వేసి తరువాత తప్పిన నేమని కొందరందురు. మేము ఒప్పుకొనము. ఒకసారి నమ్మి మోసపోయిన బిడ్డ మరియొకరితో నోరు విప్పదు. హద్దు ముందే చెప్పినచో కొందరు పిల్లలు మౌనముగా వెళ్లిపోదురన్నది నిజమే. ఆ నష్టము చిన్నది కాదు. అయినను వారు మరల వచ్చుటకు తలుపు తెరచియే యుండును.

మార్కులు తగ్గెననియో, ఇంట తిండి చాలలేదనియో, ఎవరో ఉత్తరము వ్రాసిరనియో చెప్పిన మాటను మాత్రము ప్రాణమువలె కాపాడవలెను. ఉపాధ్యాయుల గదిలో టీ త్రాగుచు అట్టి మాటలను పంచుకొని నవ్వుట చట్టమునకు చిక్కని పాపము. మా ఎరుకలో అదియే ఎక్కువ.

తెలిపినంతట పని తీరదు. ఆ సాయంత్రము పిల్ల ఆ యింటికే పోవలెను. పెండ్లి కుదిర్చిన తల్లి దుర్మార్గురాలు కాకపోవచ్చును. సుగ్గికి పోవుచు ఎదిగిన పిల్లను ఒంటరిగా ఊరిలో విడుచుటకు జడిసి యుండును. ఆమెకు నీతి చెప్పుటకు ముందు పిల్లకు కస్తూరిబా విద్యాలయములోనో హాస్టలులోనో చోటు చూడవలెను. కౌన్సిలరు శిక్షణలో ఇది కూడ పాఠమే కావలెనని మా అభిప్రాయము.

మరియొక సంగతి. తెల్లవారినప్పుడు సమూయేలు తాను వినినది చెప్పుటకు భయపడెను, ఏలనగా అది ఏలీ యింటికి విరోధమైన మాట. ఏలీ దాచవద్దని అడిగి, తన మీది తీర్పును ఆ బాలుని నోటనే పూర్తిగా వినెను. బిడ్డ చెప్పు పేరు మనము నమస్కరించు పెద్దదో, మన బల్లమీదనే కూర్చుండు సహోదరునిదో కావచ్చును. అప్పుడు “పిల్ల అబద్ధమాడుచున్నది” అను మాట మన నోటికి ఎంత త్వరగా వచ్చునో చదువరులు తమలో తాము చూచుకొనవలెను.

కనుక ఆ అధ్యాపకురాలు తన శిష్యులచేత ఇంగ్లీషు నిర్వచనములు వల్లెవేయించుటకు ముందు ఒక మాటను బిడ్డల భాషలో పలుకుట అభ్యాసము చేయించునుగాక: “చెప్పమ్మా, వింటాను. నీకు గాని ఇంకొకరికి గాని అపాయముంటే నేనొక్కదాన్నే దాచుకోలేను. అప్పుడు ఎవరికి చెప్పేదీ ముందు నీకే చెప్తాను.” తెలుగులో వచ్చిన పిమ్మట కన్నడములో, ఉర్దూలో.