దాత దయయు, పనివాని భాగమును

యజమానుడు దయాళుడైనచో పనివానికి హక్కులతో పనియేమి? క్రూరుడైన యజమానుని విషయమున ధర్మనిర్ణయము సులభము. కూలి యెగవేసినవానిని, కొరడా పట్టినవానిని నిందించుటకు గొప్ప వివేక మక్కరలేదు. చిక్కంతయు మంచివాని విషయముననే వచ్చును. పనివారికి మంచి యిండ్లు కట్టించి, వీధులకు చెట్లు నాటించి, పిల్లలకు బడి పెట్టించిన ధనికునిపై ఆ పనివారే తిరుగబడిరన్నచో, వారు కృతఘ్నులా? లేక ఆ మంచితనములోనే యేదో లోపమున్నదా? 1894లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న వాదముగా గాక, ఆగిపోయిన రైళ్ల రూపమున ప్రజలయెదుట నిలిచెను. ఆ కథను కొంత విమర్శించి చూడదలచితిమి.

ముందుగా ఆ దేశపు ఇనుపదారుల సంగతి కొంచెము చెప్పవలెను. 1860లో అచట సుమారు 30,000 మైళ్ల రైలుమార్గ ముండెను. శతాబ్దము ముగియునప్పటికి అది 1,90,000 మైళ్లు దాటెను. 1869 మే 10న యూటా ప్రాంతమందలి ప్రోమొంటరీ అను శిఖరభూమిపై తూర్పు పడమర మార్గములు కలిసినప్పుడు బంగారు మేకు దిగవేసి పండుగ చేసికొనిరి. అంతకు రెండేండ్లకు ముందు, 1867 జూనులో, ఆ పడమటి మార్గమునకై సియెర్రా పర్వతములను తొలుచుచున్న చీనా కూలీలు వేలకొలది పని నిలిపి, తెల్లవారితో సమానమైన కూలి కోరిరి. కంపెనీవారు వారిపై ఆయుధ మెత్తలేదు. కొండలపైకి బియ్యము పోకుండ ఆపిరి. వారము దినములలో పని మరల మొదలయ్యెను. బంగారు మేకును గూర్చి పాఠ్యపుస్తకములలో చదివినవారు ఈ బియ్యపు సంగతిని గూడ చదువుట మంచిది.

రైలుపనిలో చేతివ్రేళ్లు తెగుట, ప్రాణములు పోవుట నాడు నిత్యకృత్యములు. పెట్టెలను ఒకదానితో నొకటి చేతితోనే తగిలింపవలసివచ్చెడిది. స్వయముగా తగులుకొను కొక్కెములను నిర్బంధముచేసిన శాసనము 1893 వరకు రాలేదు. ఇట్టి పనివారికి భీమా చేయుటకు సాధారణ భీమా కంపెనీలు వెనుదీసెను. కావున 1863 మొదలు ఇంజను డ్రైవర్లు, ఫైర్‌మెన్లు మున్నగువారు తమలో తాము సంఘములు కట్టుకొని, చచ్చినవాని భార్యాబిడ్డల కింత సొమ్ము ముట్టజెప్పు ఏర్పాటు చేసికొనిరి. కార్మికసంఘమనగానే కలహ మని తలంచువారు దీనిని మనస్సున నుంచుకొందురుగాక. ఆ దేశమున రైలుసంఘములు చాలవరకు శవసంస్కారమునుండియు, విధవల కన్నీటినుండియు పుట్టినవి. 1877లో పది పాళ్లలో నొకపాలు కూలి తగ్గింపగా, మార్టిన్స్‌బర్గు అను ఊర మొదలైన సమ్మె అనేక రాష్ట్రముల కెగబ్రాకి, సైన్యముచే నణపబడెను. ఇదియంతయు మన కథకు పూర్వరంగము.

ఇక జార్జి పుల్‌మన్. ఇతడు రైలులో సుఖముగా నిద్రించుటకు వీలగు పెట్టెలను కట్టించి కోటీశ్వరుడైనవాడు. 1867లో ఇతడు స్థాపించిన కంపెనీ ఆ పెట్టెలను తానే నిర్మించి, తానే పరిచారకులను నియమించి, రైలుకంపెనీలకు ఒప్పందముపై నిచ్చుచుండెను. 1877 నాటి అల్లరులు ఇతనిని ఆలోచింపజేసినట్లున్నవి. మురికికూపములలో, సారాయంగళ్ల నడుమ బ్రదుకు పనివాడు దుర్మార్గుడగుటలో వింతయేమి? శుభ్రమైన పరిసరములలో నుంచినచో అతడు శుభ్రుడగును, తృప్తుడగును, సమ్మె మాట తలపెట్టడు. ఇది అతని సిద్ధాంతము. చికాగో నగరమునకు దక్షిణమున 1880లో మొదలిడి తన పేరనే యొక పట్టణము కట్టించెను. ఇటుక యిండ్లు, ఇంటింట నీటికొళాయి, గ్యాసు దీపము, మురుగుకాలువలు, తోటలు, అంగడిశాల, నాటకశాల, గ్రంథాలయము, రాతి ప్రార్థనాలయము, తన కుమార్తె పేర ఫ్లారెన్సు హోటలు. నాటి చికాగో కూలివాడల దుర్గంధముతో పోల్చినచో ఇది స్వర్గమనియే చెప్పవలెను. ఈ మంచిని మేము తక్కువచేసి చెప్పము.

అయినను ఆ స్వర్గమునకు కొన్ని నియమములు గలవు. అందలి యింటిని పనివాడు కొనరాదు. అద్దెకు మాత్రమే యుండవలెను. పట్టణముపై పెట్టిన మూలధనమునకు ఏట నూటికి 6 చొప్పున రాబడి రావలెనని కంపెనీ లెక్క. గ్రంథాలయములో చదువుటకు ఏడాదికి 3 డాలర్ల చందా. అందుచే పుస్తకములు అందముగనే యుండెను గాని చదువువారు కొలదిమందియే. ప్రార్థనాలయమునకు సయితము అద్దె గట్టిగా నుండుటచే ఏ మతశాఖవారును దానిని తీసికొనజాలక, భగవంతుని యిల్లు చాలకాలము ఖాళీగా నుండెను. మద్యము హోటలులో మాత్రమే దొరకును. అది పనివాడు ప్రవేశించు చోటు కాదు. 1885లో రిచర్డు ఈలీ అను అర్థశాస్త్రజ్ఞుడు ఆ పట్టణమును చూచివచ్చి, సౌకర్యములను మెచ్చుకొనియు, ఇది ప్రజాస్వామ్యమునకు తగిన పద్ధతి కాదనియు, దయగల జమీందారీ వంటిదనియు వ్రాసెను.

దానమును గూర్చి మన పెద్దలు చేసిన విచారణ ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. తిరిగి ఉపకారము చేయజాలనివానికి, ఇయ్యవలసినదను బుద్ధితో నిచ్చినది సాత్త్వికమనియు, ప్రత్యుపకారము నాశించి యిచ్చినది రాజసమనియు భగవద్గీత విభజించినది. నూటికి 6 వడ్డీ వచ్చు దాన మే తరగతిలో చేరును? వాస్తవమునకు అది దానమే కాదు, వ్యాపారము. వ్యాపారము చేయుట తప్పు గాదు. వ్యాపారము చేసి దానికి దానఫలమైన కృతజ్ఞతను గూడ వసూలు చేయబూనుటయే తప్పు. మన యిండ్లలో సంక్రాంతినాడు పనిమనిషికి పాతచీర యిచ్చి, ఆ నెల జీతములో రెండుదినములు కోతవేయు ఇల్లాండ్రు లేకపోలేదు. చీర మాట ఊరెల్ల తెలియును, కోత మాట ఇద్దరికే తెలియును.

1893లో అమెరికాలో గొప్ప వ్యాపారమాంద్యము వచ్చెను. బ్యాంకులు మూతపడెను, రైలుకంపెనీలు దివాలా తీసెను, క్రొత్త పెట్టెలు కొనువారు లేకపోయిరి. పుల్‌మన్ అనేకులను తొలగించి, మిగిలినవారి కూలిని సగటున నాలుగవవంతు తగ్గించెను. కాని యింటి యద్దె కాసైనను తగ్గలేదు. జీతపుసొమ్ములో అద్దె పోగా రెండు సెంట్ల చెక్కు చేతికందిన పనివా డొకడు, దానిని మార్చుకొనక పటము కట్టించి దాచుకొనెనని, ఆ యూరిలో మతాచార్యుడుగా నుండిన కార్వర్డైన్ వ్రాసియున్నాడు. జెన్నీ కర్టిస్ అను కుట్టుపని యువతి తండ్రియు ఆ కంపెనీలోనే యేండ్లతరబడి పనిచేసి మరణించెను. ఆతడు బాకీపడిన 60 డాలర్ల యద్దెను తగ్గిన తన కూలిలోనుండి ఆమె తీర్చవలసివచ్చెను. ఈ మాటను ఆమెయే 1894 జూనులో రైలుకార్మికుల మహాసభలో నిలువబడి చెప్పెను.

అంత కష్టములో కంపెనీ యున్నదా యన, లెక్కలు చూడుడు. 1893 జూలైతో ముగిసిన యేటికి కంపెనీ చెల్లించిన కూలి 72 లక్షల డాలర్లు. మరుసటి యేటికి అది 45 లక్షలకు దిగెను. (పనివారి సంఖ్య తగ్గుటయు దీనికొక కారణమే.) అవే రెండేండ్లలో వాటాదారులకు పంచిన లాభము 25 లక్షల 20 వేలనుండి 28 లక్షల 80 వేలకు పెరిగెను. పుల్‌మన్ సమాధాన మిది: పెట్టెలు కట్టు వ్యాపారము వేరు, వానిని అద్దె కిచ్చు వ్యాపారము వేరు, ఇండ్ల వ్యాపారము వేరు, ఒకదాని లాభమును వేరొకదాని పనివారి కేల ఈయవలెను? మనుష్యు డొక్కడే; అతనికి కూలి యిచ్చునప్పుడొక ఖాతా, అద్దె పుచ్చుకొనునప్పుడొక ఖాతా. మాంద్యము మొదటి ఖాతాకే తెలిసెను గాని రెండవదానికి తెలియలేదు.

పిమ్మట ప్రభుత్వవిచారణసంఘము పుల్‌మనును పిలిపించి, అన్ని లాభములున్నప్పుడు కూలి కోతలో కొంతభాగమును కంపెనీయే యేల భరింపరాదని ప్రశ్నించెను. అట్లు చేయుట ఆ మనుష్యులకు ఊరక డబ్బు దానము చేయుటయే యగునని అతడు బదులు చెప్పెను. మా దృష్టిలో ఈ చరిత్రయంతటిలో ముఖ్యమైన మాట ఇదియే. తోటలను, నాటకశాలను, దీపములను ఎవరు నడుగకుండగనే యిచ్చి దాతయని కీర్తిపొందినవాడు, ఆకలిగొన్నవాడు నోరుతెరచి యడిగినంతనే, దానము చేయనని దానము పేరే చెప్పి తలుపు మూసెను. ఇందులో వంచన లేదు. అతడు నమ్మినదే చెప్పెను. ఎప్పుడు, ఎవరికి, ఎంత యియ్యవలెనో నిర్ణయించు అధికారము తనదిగా నున్నంతవరకే అతడు దాత. అడుగుట యను కార్యము దానిలో చేరినతోడనే అది దానముగాక భాగమగును. భాగమిచ్చుట కాతడు సిద్ధముగా లేడు.

సమ్మె యెట్లు వచ్చెనో చూచిన నీ మాట మరింత స్పష్టమగును. 1894 మే నెలలో పనివారి ప్రతినిధులు కోర్కెలతో అధికారులను చూడబోయిరి. వచ్చినవారికి హాని చేయమని వారికి మాట యిచ్చిరి. మే 10న ఆ ప్రతినిధులలో ముగ్గురికి పని పోయెను. కారణము వేరని కంపెనీవారనిరి. ఆ మాటను పనివా డెవడును నమ్మలేదు. మరునాడే పని నిలిచిపోయెను. వారిలో అనేకులు యూజీన్ డెబ్స్ అను నాయకుడు 1893లో స్థాపించిన అమెరికన్ రైల్వే యూనియనులో చేరియుండిరి. ఆ యూనియను మొదట కోరినది సమ్మె కాదు, మధ్యవర్తిత్వము. మధ్యవర్తుల కప్పగింపదగిన విషయమే లేదని కంపెనీ జవాబు. డిట్రాయిటు నగరాధ్యక్షుడు పింగ్రీ, ఏబదికి పైగా నగరముల యధ్యక్షులు పంపిన తంతివార్తలను చేతబట్టుకొని వచ్చి బ్రతిమాలెను. అప్పుడును అదే జవాబు. జూన్ 26 మొదలు పుల్‌మన్ పెట్టె తగిలించిన యే రైలును యూనియనువారు నడుపమనిరి. చికాగోనుండి పడమటికి రాకపోకలు చాలవరకు స్తంభించెను.

ఇచ్చట యొక ఆక్షేపణను న్యాయముగా వినవలెను. కాలిఫోర్నియా రైతు పండించిన పండ్లు పెట్టెలలో కుళ్లిపోవుటకు ఆ రైతు చేసిన పాపమేమి? పుల్‌మన్ చేసిన తప్పునకు ప్రయాణికు డేల దండన మనుభవింపవలెను? ఈ ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానము మాకు తోచదు. ఇంతమాత్రము చెప్పగలము: ఇరువదినాలుగు రైలుకంపెనీలు చికాగోలో ఒక సంఘముగా నేర్పడి కూలిరేట్లను గూర్చి కలిసి యాలోచించుకొనుట లోకమునకు తప్పుగా తోచలేదు, పనివారు కలిసినప్పుడే అది కుట్రగా కనబడెను. ప్రభుత్వ న్యాయసచివుడు ఆల్నీ అంతకు పూర్వము రైలుకంపెనీల న్యాయవాదియే. ధనికుల గుత్తవ్యాపారము నణచుటకై 1890లో చేసిన శాసనము నాధారము చేసికొని జూలై 2న న్యాయస్థానమునుండి యూనియనుపై నిషేధాజ్ఞ తెప్పించిరి. రాష్ట్రపాలకుడు ఆల్ట్‌గెల్డ్ వలదనుచున్నను, జూలై 4న, స్వాతంత్ర్యదినముననే, అధ్యక్షుడు క్లీవ్‌లాండు పంపిన సేన చికాగోలో నిలిచెను. దానివెంట దహనములు, కాల్పులు, మరణములు. డెబ్స్ ఆజ్ఞోల్లంఘనమునకు ఆరుమాసములు చెరసాలలో నుండవలసివచ్చెను. సమ్మె యోడిపోయెను.

చికాగో పేదలనడుమ నివసించి సేవచేసిన జేన్ ఆడమ్స్ అను విదుషీమణి 1896లో నొక యుపన్యాసములో పుల్‌మనును షేక్స్‌పియరు చిత్రించిన లియరు రాజుతో పోల్చెను. ఉపకారము చేయుటకు అలవాటుపడిన తండ్రి, బిడ్డకు తన మనస్సు తనకున్నదన్న మాట నోర్వలేకపోవుట ఆ పోలికలోని సారము. చాల లోతైన పోలిక. అయినను మా కొక సందేహము కలదు. తండ్రి బిడ్డకు జన్మమిచ్చెను. ఆ ఋణము నిజమైనది. పుల్‌మన్ పనివారి కేమి జన్మమిచ్చెను? వారి చేతులు చేసిన పెట్టెలనుండియే గదా ఆ తోటలును, నాటకశాలయు పుట్టినవి! ఎవరు ఎవరికి ఋణపడిరో లెక్క చూడవలెనన్న, కోర్డీలియా మౌనము చాలదు, పద్దుపుస్తకములు తెరువవలెను.

పుల్‌మన్ 1897లో మరణించెను. పగబట్టినవారు శవమును త్రవ్వుదురేమో యని సమాధిపై కాంక్రీటును, ఉక్కుపట్టాలను పరిపించిరి. మరుసటి యేట ఇల్లినాయి రాష్ట్ర ఉన్నతన్యాయస్థానము, పెట్టెలు కట్టుటకై యేర్పడిన కంపెనీకి పట్టణము నేలు నధికారము లేదని తీర్పుచెప్పి, ఇండ్ల నమ్మివేయ నాజ్ఞాపించెను.

కథ ఇచ్చట ముగిసినచో యూనియనువారిని నిర్దోషులని చెప్పి మేము కలము దింపియుందుము. కాని ఆ 1894 జూను మహాసభలోనే, నల్లజాతివారిని సంఘములో చేర్చుకొనవలెనా యన్న ప్రశ్న వచ్చెను. చేర్చుకొనవలెనని డెబ్స్ వాదించెను. 112 మంది వలదనిరి, 100 మంది కావలెననిరి. పుల్‌మన్ పెట్టెలలో పడకలు పరచి, జోళ్లు తుడిచి, రాత్రులు మేలుకొని ప్రయాణికులను కాచువారందరు నల్లజాతివారు. దాస్యమునుండి విడివడినవారు, వారి సంతతివారు. కంపెనీ వారికిచ్చు జీత మత్యల్పము; మిగిలినది ప్రయాణికు లిచ్చు ఇనాములచే పూర్తిచేసికొనవలెను. ఇచ్చట దానము జీతములోనికే జొరబడినది! పూట గడచుటకు నవ్వు మొగము అమ్ముకొనవలెను. ప్రయాణికులు వారి పేరడుగువారు కారు. యజమానుని పేరుబట్టి ప్రతివానిని జార్జి యనియే పిలిచెడివారు, పూర్వము దాసుని దొరపేర పిలిచినట్లు. రైలు పనివారిలో దయమీద నాధారపడి బ్రదుకుట యననేమో వీరికంటె నెరిగినవారు లేరు. హక్కు కోరి కూడిన సభ వీరికే తలుపు మూసెను.

1925 ఆగస్టు 25న వారు ఫిలిప్ రాండాల్ఫు నాయకత్వమున న్యూయార్కులో తమ సొంత సంఘము పెట్టుకొనిరి. ఇనాములకు మారుగా బ్రదుకదగిన జీతము వారి ముఖ్యపు కోర్కెలలో నొకటి. కంపెనీ గుర్తింప నిరాకరించెను, చేరినవారిని తొలగించెను, తనకు లోబడిన సంఘము నొకదానిని తానే నడిపెను. రాండాల్ఫు మనుష్యులు విడువలేదు. సరిగా పండ్రెండేండ్లకు, 1937 ఆగస్టు 25న, పుల్‌మన్ కంపెనీ వారితో ఒప్పందముపై సంతకము చేసెను. నెలకు 400 గంటల పని 240 గంటలకు దిగెను, జీతము పెరిగెను.