డబ్బా మీది చీటీ

మా వంటింటి అలమరలో డబ్బాలన్నీ ఒకే పోలికవి. అందుకని ఒక్కొక్కదాని మీదా చీటీ అంటించాను. అది చూసి మా అమ్మాయి, “నేను నేర్చుకుంటున్నదీ ఇదేనమ్మా!” అని నవ్వింది.

అది నేర్చుకుంటున్నది పైథాన్. గైడో వాన్ రోసమ్ అనే డచ్చి ఆయన తయారుచేసి 1991లో బయటపెట్టిన కంప్యూటర్ భాష. అందులో ‘డిక్షనరీ’ అని ఒకటుందిట. ‘కీ’ అంటే చీటీ, ‘వాల్యూ’ అంటే డబ్బాలోని సరుకు. వెయ్యి డబ్బాలున్నా అన్నిటి మూతలూ తీసి చూడదు. చీటీ మీది పేరును బట్టి ఏదో లెక్క కట్టి, దాదాపు తిన్నగా ఆ చోటికే వెళుతుంది. లేని పేరు అడిగామా, ‘కీ ఎర్రర్’ అని మొహం మీదే చెప్పేస్తుంది. మనకున్న మొహమాటాలు దానికెక్కడివి!

“ఏదీ, ఒకటి రాసి చూపించు” అన్నాను.

వాళ్ల మేనత్త పేరు రాసి, ఎదురుగా ‘ప్రేమ’ అని పెట్టింది. మళ్లీ అదే పేరుకి ‘కోపం’ అని పెట్టింది. ఇప్పుడు పేరు అడిగితే కోపం ఒక్కటే వచ్చింది.

“మరి ప్రేమ ఏమైందే?”

“పోయింది. ఒక కీకి ఒకటే వాల్యూ. కొత్తది రాస్తే పాతది చడీచప్పుడూ లేకుండా పోతుంది. ఎర్రర్ కూడా రాదు.”

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. మా ఆడపడుచుకీ నాకూ మాటల్లేక మూడేళ్లు. ఒక గృహప్రవేశంలో పదిమందిలో నన్నొక మాట అంది. అంతకు ముందు ఇరవై ఏళ్లున్నాయి. నా పురిటికి రాత్రుళ్లు మేలుకున్నది ఆవిడే. నా మొదటి నవలని పత్రికకి పంపమని పోరినదీ ఆవిడే. అదంతా ఎప్పుడు చెరిగిపోయిందో నాకే తెలీదు.

క్షమించడమంటే కోపం తుడిచేసి ప్రేమ రాయడమనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఆలోచిస్తే అదీ చెరపడమే కదా! ఆ మాట అన్నదీ నిజమే, మేలుకున్నదీ నిజమే. ఏది తుడిచినా అబద్ధమే అవుతుంది.

“రెండూ ఉండాలంటే ఎలాగే?”

“వాల్యూ చోట ఒక జాబితా పెట్టాలి. అప్పుడు కొత్తది చివర చేరుతుంది, పాతది పోదు.”

జాబితా పెట్టినంత మాత్రాన ఆ మాట పెట్టిన నొప్పి తగ్గదు, నిజమే. కాని తక్కెడకి రెండు సిబ్బెలుండాలి కదండీ! ఒక్క సిబ్బెతో తూచి, మనిషిని తేల్చేశామనుకోవడం న్యాయమేనా?

అమ్మాయి ఆ పేరు కావాలనే రాసిందా? నేను అడగలేదు. ఆ రాత్రి ఫోను తీసి పేరు నొక్కాను. నంబరు వచ్చింది. అదీ చీటీ, సరుకూ లెక్కే.

“వదినా, బావున్నారా?”

అవతల కాసేపు మాట లేదు. తరవాత, “భోజనం చేశావా?” అంది.