సగం మొహం

మా కాకకు హైదరాబాద్‌లో మదీనా దగ్గర బట్టల దుకాణం. గిరాకీల్లో చాలామంది నఖాబ్‌లో వచ్చే ఆడవాళ్లే. మాస్కు పెట్టుకుంటే ఎదుటివాళ్ల మీద మన అంచనా ఎట్లా మారుతుందో చదువుతున్నానంటే, మడతపెడుతున్న థాను పక్కకు జరిపి కూర్చున్నాడు.

"ఏం తేల్చిండ్రు బిడ్డా?"

"మొహం సెకనులో పదో వంతు కనిపిస్తే చాలు కాకా, నమ్మొచ్చా లేదా అని మనసు తీర్పు చెప్పేస్తదని 2006లో ప్రిన్స్‌టన్‌లో చూపించిండ్రు. నోరు, ముక్కు మూస్తే ఆ తీర్పు ఆగాలె గదా? ఆగలేదు. 2016లో జపాన్ పరిశోధకులు మాస్కు మొహాలు చూపిస్తే, అందమైనవాళ్లు గూడ అంత బాగలేరనిపించిందట, రోగం యాదికొచ్చి. కరోనా వచ్చినంక బ్రిటన్‌లో, కార్డిఫ్‌లో, ఆడవాళ్లకు మగవాళ్ల ఫొటోలు చూపిస్తే ఆస్పత్రి నీలం మాస్కు ఉన్న మొహాలే ఎక్కువ నచ్చినయి."

"అంటే మూసిన సగాన్ని చూసెటోడే నింపుకుంటడు. తన దగ్గర ఏముంటే దానితోని."

"అవును. కార్డిఫ్‌లో మంచిగనే నింపుకున్నరు."

"అందరికీ అట్ల నింపరు. మసూద్ సంగతి మరిచినవా?"

మరవలేదు. పాతబస్తీ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను 2021 మే లాక్‌డౌన్‌లో పోలీసులు రోడ్డు మీద ఆపారు. మాస్కు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా ఉన్న రోజులవి. ఆయనను మాత్రం మాస్కు తీయమన్నారు, ఫొటో తీసుకున్నారు. ఎందుకో చెప్పలేదు. ముఖాలను పోల్చి గుర్తుపట్టే వసతి 2018 నుంచే రాష్ట్ర పోలీసుల ఫోన్లలో ఉంది. దానికి చట్టంలో ఆధారమేదని ఆయన వేసిన వ్యాజ్యం మీద 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. నాకు కార్డిఫ్ కన్నా ఈ సంఘటనే పెద్దది. అక్కడ చూసినవాళ్లు మార్కులు వేసి ఇంటికి పోయారు. ఇక్కడ చూసినవాళ్ల చేతిలో ఆ మొహం మిగిలిపోయింది.

"నువ్వు తీర్పు చెప్పవా కాకా? ఇన్నేండ్లు మొహం చూడకుండనే అమ్ముతున్నవు."

"చెప్తా. గొంతు వింటా, చెప్పులు చూస్తా. బట్టను వేళ్ల మధ్య నలిపే తీరు చూస్తే ఎంతలో కొంటదో చాలావరకు తెలుస్తది. గానీ ఆమె నోరు విప్పేదాక ఆగుతా. మొహం కనబడితే అంతసేపు ఆగేటోడిని కానేమో."

అంటే ముసుగు తీర్పును చెరపలేదు, ఆలస్యం చేసింది. ఆ ఆలస్యంలో అవతలి మనిషి తన మాట తాను చెప్పుకోగలిగింది. ఇది చిన్న విషయం కాదు. కానీ ఒక అనుమానం వదల్లేదు.

"నువ్వు ఆగేది నీ మంచితనమా, బేరం పోతదన్న భయమా?"

కాక కాసేపు ఆలోచించాడు. "భయమే ఎక్కువ. తొందరపడితే గిరాకి పక్క దుకాణానికి పోతది."

"మరి రోడ్డు మీద ఆపినోడు తొందరపడితే వానికేం పోతది?"

"ఏం పోదు. అందుకే మంచితనం మీద వదిలేస్తే నడవదు. ఎందుకు తీయమంటున్నవో ముందు చెప్పు, రాసియ్యి, తర్వాత మాస్కు తీయమను."

"కారణం చెప్పినా ఆయన తీయనంటే?"

"ఆ కారణం సరైందా కాదా ఇంకొకరు చూడాలె. ఫొటో తీసినోడే చూసుకుంటే ఎట్ల?"